ఇద్దరి మధ్య విల్లు

మాల్దీవులు కానీ, బాలి కానీ, అండమాన్ కానీ, కొత్తజంటకు ట్రావెల్స్ వాళ్ళు చెప్పే లెక్క చాలాసార్లు ఒకటే: మూడు రాత్రులు, నాలుగు పగళ్ళు. ఆ లెక్క వింటే ఆపస్తంబుడు తల ఊపేవాడు. ఆయన గృహ్యసూత్రం కూడా కొత్తజంటకు సరిగ్గా మూడు రాత్రులే విధించింది. కాకపోతే ఆ మూడు రాత్రులూ ఇద్దరూ నేలమీద పడుకోవాలి. బ్రహ్మచర్యం పాటించాలి. ఉప్పూ కారం ముట్టకూడదు. రెండు పక్కలకీ నడుమ ఒక కర్ర ఉండాలి. దానికి గంధం పూసి బట్టో దారమో చుట్టాలి. నాలుగో రాత్రి చివరి జామున మంత్రం చెప్పి ఆ కర్రను తీసి, కడిగి పక్కన పెట్టి, హోమం చేసిన తర్వాతే కాపురం.

తెలుగునాట వైదిక కుటుంబాల్లో చాలామంది నేటికీ ఆపస్తంబ సూత్రం వాళ్ళే. కర్ర మాత్రం ఎప్పుడో మాయమైంది. నాలుగో రాత్రి దాకా ఆగాల్సిన ఆ శేషహోమాన్ని పెళ్ళి పూటో మర్నాడో ముగించేసి పురోహితుడు ఇంకో పెళ్ళికి పరుగెత్తుతాడు. మిగతా కులాల పెళ్ళిళ్ళలో ఆ కర్ర అసలు ఉన్నట్టే లేదు. వాళ్ళ కట్టుబాట్లు వేరు: కంకణాలు విప్పేదాకా పొలిమేర దాటకూడదనడం, పదహారు రోజుల పండుగ, ఆషాఢంలో కొత్త కోడలిని పుట్టింటికి పంపడం. రూపాలు వేరైనా పని ఒకటే. పెళ్ళి అయిన వెంటనే ఇద్దరినీ ఇద్దరికే వదిలెయ్యకుండా నడుమ ఏదో ఒకటి అడ్డం పెట్టడం.

నంద్యాల జిల్లా ఆత్మకూరులో పెళ్ళయితే ఆ అడ్డం పేరు సాధారణంగా శ్రీశైలం. ఊరు దాటితే నల్లమల. బైర్లూటి దాటి దోర్నాల మీదుగా పోతే మల్లన్న. దక్షిణాన ఆళ్ళగడ్డ వైపు పోతే అహోబిలంలో నరసింహస్వామి. "ముందు స్వామి దగ్గరికి పోయి రాండి, ఆ తర్వాత మీ ఇష్టం" అని పెద్దవాళ్ళు అంటారు. పిల్లలు ఫోనులో నీలం నీళ్ళూ, నీళ్ళ మీద నిలబెట్టిన చెక్క గదులూ చూపిస్తారు. "ఆడ ఏముంది?" అని అవ్వ అడిగితే నిజాయితీగా చెప్పాల్సిన జవాబు ఒకటే: ఆడ ఎవరూ ఉండరు. దానికే అంత డబ్బు.

పైకి ఇది ఖర్చు తగాదా, తరాల తగాదా. లోపల మాత్రం ఒక పాత మతప్రశ్న ఉంది. ఇద్దరు మనుషుల ప్రేమకు ఎవరూ లేని చోటు కావాలా? అలాంటి చోట అది పండుతుందా, లేక అక్కడ దానికి ఆనడానికి ఏమీ దొరకదా?

కర్రను చూసి సంప్రదాయానికి సుఖమంటే గిట్టదని తేల్చేయడం సులభం. కానీ ఆ తీర్పు నిలవదు. అదే మూడు రాత్రుల నియమాన్ని కామసూత్రం కూడా చెప్పింది కాబట్టి. వాత్స్యాయనుడు మూడో అధికరణంలో కొత్త పెళ్ళికూతురి నమ్మకం సంపాదించడానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. మూడు రాత్రులు నేలపడక, బ్రహ్మచర్యం, చప్పిడి కూడు. ఆ తర్వాత ఏడు రోజులు మంగళస్నానాలు, అలంకారం, సంగీతం, కలిసి భోజనం, బంధువుల పలకరింపులు. పదో రాత్రి నుంచి ఏకాంతంలో మెల్లగా మాటలు. ఆయన చెప్పిన కారణం పుణ్యం కాదు. పరిచయం లేని మగవాడు తొందరపడితే ఆ పిల్లకు భయం పుడుతుంది, భయం కాస్తా ద్వేషంగా మారుతుంది, చివరికి మగజాతి మీదే అసహ్యం కలుగుతుంది.

ఈ నియమానికి ఆ రోజుల్లోనే ఎదురు చెప్పినవాళ్ళున్నారు. పాత కామశాస్త్రకారుడు బాభ్రవ్యుడి శిష్యులు అడ్డు తగిలారు: మూడు రోజులు స్తంభంలా మాట్లాడకుండా కూర్చుంటే, వీడు మగాడేనా అని పిల్ల తక్కువగా చూస్తుంది కదా? వాత్స్యాయనుడు మధ్యేమార్గం పట్టాడు. దగ్గర కావచ్చు, మాట కలపచ్చు, మనసు గెలవచ్చు, వ్రతం మాత్రం చెడకూడదు. ఇది సన్యాసి చెప్పే మాట కాదు. కోరికను శాస్త్రంగా చదివినవాడు, అది నిలవాలంటే ఏం చెయ్యాలో చెప్పిన మాట. దీవి ప్యాకేజీలో ఈ పది రోజుల ఓపికకు చోటు లేదు. మొదటి రాత్రి నుంచే గదికి అద్దె నడుస్తుంటుంది.

ఈ మూడు రాత్రుల లెక్క ఒక్క హిందూ ఆచారానిదే అనుకోవడానికీ లేదు. క్యాథలిక్ బైబిల్లో తోబీతు గ్రంథం ఉంది. సారా అనే అమ్మాయికి ఏడుసార్లు పెళ్ళయి, ఏడుగురు భర్తలూ తొలిరాత్రే ఒక పిశాచం చేతిలో చచ్చిపోతారు. ఎనిమిదోవాడు తోబియా. గదిలోకి వెళ్ళగానే అతను భార్యను లేపుతాడు, ఇద్దరూ కలిసి ప్రార్థన చేస్తారు. సెయింట్ జెరోమ్ లాటిన్ అనువాదంలో ఆ ప్రార్థన మూడు రాత్రులు సాగుతుంది, నాలుగో రాత్రి నుంచి దాంపత్యం. ఆపస్తంబుడూ ఆ లాటిన్ అనువాదకుడూ ఒకరినొకరు ఎరగరు. నంద్యాల ప్రాంతపు పాత ఆంగ్లికన్ సంఘాలు తోబీతును ప్రామాణిక గ్రంథాల్లో కలపవు. వాళ్ళకు ద్వితీయోపదేశకాండం ఉంది. అక్కడ నియమం ఇంకా ఉదారం: కొత్తగా పెళ్ళయినవాడిని యుద్ధానికి పంపకూడదు, ఏ పనీ మోపకూడదు, ఏడాదిపాటు ఇంటిపట్టున ఉండి పెళ్ళాన్ని సంతోషపెట్టాలి. ఏడాది సెలవు, అదీ ఇంట్లోనే.

ఆత్మకూరు వీధుల్లో పెద్దసంఖ్యలో ఉన్న ముస్లింల ఇళ్ళల్లో నికా తర్వాత వలీమా. ఇద్దరూ ఒకటైన సంగతిని నలుగురికీ అన్నం పెట్టి చెప్పడం అది. కొత్త భార్య కన్య అయితే ఏడు రోజులు, ఇదివరకు పెళ్ళయిన స్త్రీ అయితే మూడు రోజులు ఆమె దగ్గరే గడపాలని హదీసు. ఒకరికన్నా ఎక్కువమంది భార్యలున్న ఇంట్లో వచ్చే పేచీకి చెప్పిన లెక్క అది. అయినా కొత్త బంధానికి కొంత తీరిక కావాలన్న ఎరుక అందులో ఉంది.

తీరిక ఎంత కావాలన్నది ఒక ప్రశ్న. ఎందుకు కావాలన్నది ఇంకా లోతైనది. దానికి బృహదారణ్యకం దగ్గరికి పోవాలి. అందులో సృష్టికథ విచిత్రంగా మొదలవుతుంది. మొదట ఉన్నది ఒక్కడే. చుట్టూ చూస్తే తను తప్ప ఎవరూ లేరు. భయం వేసింది. రెండోది లేనప్పుడు భయం దేనికని తనకు తానే నచ్చజెప్పుకుని తేరుకున్నాడు. భయమైతే పోయింది గానీ సంతోషం రాలేదు. ఒంటరికి సరదా ఎక్కడిది? అందుకని తనను తాను రెండు చేసుకున్నాడు, ఆలుమగలు పుట్టారు.

హనీమూన్ ప్రకటన రాసేవాడైతే కథను ఇక్కడే ఆపేవాడు. ఉపనిషత్తు ఆపలేదు. ఆమెకు మనసులో ఏదో అడ్డుపడింది. తన నుంచి పుట్టించి మళ్ళీ తననే కూడడమేమిటని దాక్కుంది. ఆవు అయింది, అతను ఎద్దయ్యాడు. గుర్రమైంది, అతను మగగుర్రమయ్యాడు. అలా మేకలు, గొర్రెలు, చివరికి చీమల దాకా. ఇద్దరు ఇద్దరుగా ఒక్క పూట కూడా ఉండలేకపోయారు. ఒక్కడికి చాలనట్టే ఇద్దరికీ చాలలేదని ఉపనిషత్తు పైకి అనదు. కథ నడిచిన తీరు మాత్రం అదే చెబుతుంది.

కాళిదాసు మరింత తెగించాడు. కుమారసంభవం ఎనిమిదో సర్గ మొత్తం శివపార్వతుల హనీమూనే. పెళ్ళయ్యాక శివుడు అత్తారింట్లో ఒక నెల ఉంటాడు. (ఇల్లరికం అని ఎవరూ ఎగతాళి చేసినట్టు లేదు.) తర్వాత ఇద్దరూ మేరువు, మందరం, మలయం, గంధమాదనం తిరుగుతారు. నూట యాభై ఋతువులు, అంటే పాతికేళ్ళు, ఒక రాత్రిలా గడిచిపోతాయి. జగత్తుకు తల్లిదండ్రుల శృంగారాన్ని ఇంత విప్పి చెప్పవచ్చా అని ఆలంకారికులు నొచ్చుకున్నారు. దోషం ఉంది గానీ కవి శక్తి దాన్ని కప్పేసిందని ఆనందవర్ధనుడు సర్దిచెప్పాడు. మన మెదక్ సీమ కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి ఏ బెరుకూ లేకుండా ఆ సర్గకూ వ్యాఖ్య రాశాడు. అయితే దేవతల లెక్క వేరు. వాళ్ళకు తారకాసురుణ్ణి చంపే కొడుకు కావాలి. పాతికేళ్ళయినా ఆ జాడ లేదు. వేరే కవి చేతి పని అని చాలామంది పండితులు భావించే తర్వాతి సర్గల్లో, పురాణాల్లోనూ, అగ్ని పావురం రూపంలో శివుడి పడకింట్లోకి దూరిపోతాడు. శివుడి ఏకాంతానికి కూడా లోకం తలుపు తట్టకుండా ఆగలేదు.

ఇంతవరకూ చదివి, ఉమ్మడి కుటుంబాన్ని పొగడడానికి ఇదంతా అల్లిక అనిపిస్తే ఆ అనుమానం న్యాయమే. తలుపు తట్టే లోకం ఎప్పుడూ పావురంలా రాదు. రెండు గదుల ఇంట్లో కొత్త కోడలు భర్తతో పది మాటలు మాట్లాడాలంటే అత్త నిద్రపోయేదాకా ఆగిన కాలం మరీ పాతదేమీ కాదు. బాల్యవివాహాలు నడిచిన రోజుల్లో గంధం పూసిన కర్రకు అర్థమే లేదు. నాలుగో రాత్రి ఏళ్ళ తరబడి వాయిదా పడేది, ఆ వాయిదా ఎప్పుడు తీరాలో ఆ పిల్లను అడిగేవాళ్ళు లేరు. చూసిన సంబంధాల్లో నేటికీ ఎంతోమంది అమ్మాయిలు ఎవరూ చూడకుండా, ఎవరూ వినకుండా ఆ మగవాడితో కూర్చునే మొదటి సందర్భం ఆ విమానం సీటే. ఆ సీటుకు విలువ కట్టకుండా ధర్మం మాట్లాడడం మర్యాద కాదు.

తెలుగులో ఈ కోరికను నిప్పులా రాసినవాడు చలం. 1927 నాటి 'మైదానం'లో రాజేశ్వరి ప్లీడరు మొగుణ్ణి వదిలి అమీర్‌తో ఊరికి దూరంగా ఏటి పక్క బయలు ప్రదేశానికి పోతుంది. గుడిసె, నీళ్ళు, చెట్లు, ఆకాశం. ఇరుగూ లేదు, పొరుగూ లేదు. తెలుగు నవలలో అంతకన్నా నిఖార్సైన దీవి లేదు, చుట్టూ సముద్రం లేదన్నది ఒక్కటే లోటు. ఆ నవలను తిట్టినవాళ్ళు దాని సగం కథనే తిట్టారు. మిగతా సగంలో చలమే ఆ దీవిని కూల్చాడు. అమీర్ కళ్ళు ఇంకో అమ్మాయి మీద పడతాయి. మీరా అనే కుర్రవాడు వచ్చి చేరతాడు. కడుపులో పడ్డ బిడ్డ ఇద్దరి నడుమ పెద్ద తగువవుతుంది. సంఘాన్ని బయటికి నెట్టేసినంత మాత్రాన మూడోది రాకుండా పోదు. అది ఏ రూపంలో రావాలో ముందే ఎవరూ ఆలోచించి ఉంచలేదంతే. ఏకాంతం కోసం అంత పోరాడిన ఆ రచయిత 1950లో అరుణాచలం చేరి రమణాశ్రమం నీడలో స్థిరపడడాన్ని పశ్చాత్తాపంగా చదివేవాళ్ళున్నారు. ఒకే అన్వేషణ దారి మార్చుకుందని చదవడం మేలు.

అసలు దీవుల్లో ఎవరూ ఉండరన్నదే వాస్తవమా? మాల్దీవుల సంగతి చూస్తే, దాదాపు 1,200 దీవుల దేశంలో జనం ఉండేవి 200 లోపే. 1972లో కురుంబా పేరుతో తొలి రిసార్ట్ మొదలయ్యాక ప్రభుత్వం ఒక గీత గీసింది. రిసార్టులు జనం లేని దీవుల్లో, జనం రిసార్టులు లేని దీవుల్లో. పౌరులందరూ ముస్లింలే అయి ఉండాలని రాజ్యాంగం చెప్పే దేశంలో మద్యం, ఈత దుస్తులు, విదేశీ జంటలు ఒక పక్క. మసీదు, బడి, చేపల పడవలు ఇంకో పక్క. జనం ఉన్న దీవుల్లో అతిథి గృహాలకు అనుమతి దొరికింది 2000ల చివర్లోనే. కాబట్టి ఆ ఏకాంతం సముద్రం ఇచ్చింది కాదు, సర్కారు విధానం ఇచ్చింది. గది దులిపేవాడు, వంట చేసేవాడు, పడవ నడిపేవాడు అక్కడే ఉంటారు, వారిలో ఎందరో బంగ్లాదేశ్, భారత్, శ్రీలంకల నుంచి పొట్టకూటికి వచ్చినవాళ్ళు. కనిపించకుండా ఉండడం వాళ్ళ ఉద్యోగంలో భాగం. ఎవరూ లేనట్టు ఉండాలంటే ఎంతమంది పని చెయ్యాలో!

బాలి ఇంకో పాఠం చెబుతుంది. అక్కడి హిందువుల శక సంవత్సరాది న్యేపి. చాలా ఏళ్ళు మన ఉగాదికి అటూ ఇటుగా వస్తుంది, 2023లో రెండూ మార్చి 22నే పడ్డాయి. ఆ రోజు దీవి మొత్తం మౌనం. నిప్పు రాజెయ్యకూడదు, పని చెయ్యకూడదు, ప్రయాణం చెయ్యకూడదు, వినోదం కూడదు. విమానాశ్రయం ఇరవై నాలుగు గంటలు మూసేస్తారు. పెచలాంగ్ అనే గ్రామ కాపలాదారులు వీధుల్లో తిరుగుతారు. హనీమూన్‌కి వచ్చినవాళ్ళయినా సరే హోటల్ దాటి రాకూడదు, బయటికి వెలుతురు కనిపించకూడదు. మూడు రాత్రుల ప్యాకేజీలో ఒక రాత్రిని ఆ ఊరి దేవుడు తన కింద జమ వేసుకుంటాడు. కర్ర మాయమైందనుకుంటే ఇలా ఇంకో రూపంలో, ఇంకో దేశంలో, పాస్‌పోర్టు చూపించి మరీ ఎదురవుతుంది.

మారిషస్ మాట చెప్పకపోతే అన్యాయం. ధర్మసూత్రకారుడు బౌధాయనుడు సముద్రయానాన్ని పతనహేతువుల్లో చేర్చాడు. కలికాలంలో పడవెక్కినవాడితో పొత్తు కూడదని తర్వాతి నిబంధన గ్రంథాలు మరీ బిగించాయి. ఆ నిషేధాన్ని పెద్దయెత్తున కాలదన్నింది విలాసయాత్రికులు కాదు, పందొమ్మిదో శతాబ్దంలో కాకినాడ దగ్గరి కోరంగి రేవులో కూలి ఒప్పందాల మీద ఓడలెక్కిన తెలుగువాళ్ళు. పోర్ట్ లూయీలో వాళ్ళు దిగిన మెట్లున్న ఆప్రవాసీ ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మూడు రాత్రులకు కాదు, చెరకు తోటల్లో ఏళ్ళ కొద్దీ చాకిరీకి పోయారు. పోతూ సింహాద్రి అప్పన్నను వెంట తీసుకుపోయారు. నేటికీ అక్కడి తెలుగువాళ్ళు అప్పన్న పండుగ చేస్తారు, ఉగాది ప్రభుత్వ సెలవు. అందరికీ దూరంగా ఉందామని ఆత్మకూరు నుంచి ఆ దీవికి వెళ్ళిన జంటకు అప్పన్న రూపంలో నరసింహస్వామి అక్కడ ముందే కాపురం పెట్టి కనిపిస్తాడు. ఒక రకంగా వాళ్ళ జిల్లా దేవుడే.

ఆ జిల్లా దేవుడి పెళ్ళి సంగతి ఇంకా తమాషా. అహోబిలంలో హిరణ్యకశిపుణ్ణి చంపిన తర్వాత నరసింహుడి కోపం చల్లారలేదు. నల్లమలలో తిరుగుతూ చెంచుపిల్లను చూశాడు, ఆమె వెంటపడ్డాడు, చెంచులు పెట్టిన పరీక్షలన్నీ నెగ్గి పెళ్ళాడాడు. జానపదులు చెప్పే కథ ఇది. అహోబిల మఠం ఏడో పీఠాధిపతి కూడా దీన్ని కాదనకుండా 'వాసంతికా పరిణయం' అనే సంస్కృత నాటకంగా మలిచారు. 1958లో నాగేశ్వరరావు, అంజలీదేవి నటించిన 'చెంచులక్ష్మి'లో అదే తెరకెక్కింది. చెంచులకు ఆయన అల్లుడు. ఆళ్ళగడ్డ చుట్టుపక్కల ఓబులేసులు, ఓబులమ్మలు, ఓబుల్‌రెడ్లు లేని ఊరు వెతకాలి.

ఆ అల్లుడు ఏటా ఫాల్గుణంలో మళ్ళీ పెళ్ళి చేసుకుంటాడు. పెళ్ళికి ముందు ఆయన చేసే ప్రయాణమే పార్వేట. కనుమ నాడు జ్వాలా నరసింహుడూ ప్రహ్లాదవరదుడూ పల్లకి ఎక్కుతారు. చెంచులు విల్లు ఎక్కుపెట్టి పల్లకి వైపు బాణాలు వదిలి మొక్కుతారు. అక్కడి నుంచి నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊళ్ళు. ఊరూరా స్వామి దిగడానికి తెలుపు అనే అరుగు ఉంటుంది. పల్లకి మోసే బోయీలకు వంశపారంపర్యపు హక్కులున్నాయి. ఏ ఊరికి పల్లకి వస్తే ఆ రోజు ఆ ఊరికి పండుగ. ఆడపడుచులు పుట్టింటికి వస్తారు, కొత్త బట్టలు, బంధువుల భోజనాలు. స్వామి తన పెళ్ళికి తనే వచ్చి పిలుస్తున్నాడని జనం నమ్మకం. ఆరు వందల ఏళ్ళ నాటి ఆచారమని, మఠం తొలి జీయరు కాలం నాటిదని చెబుతారు.

దేవుడు పెళ్ళికి ముందు నలభై రోజులు ఊళ్ళమ్మట తిరగడం, మనుషులు పెళ్ళి తర్వాత ఇద్దరే ఊరు విడిచి పారిపోవడం: రెంటినీ పక్కపక్కన పెడితే హనీమూన్ తలకిందులుగా కనిపిస్తుంది. పడమటి దేశాల్లోనూ ఒకప్పుడు అది ఇలాగే ఉండేది. పందొమ్మిదో శతాబ్దపు తొలి దశకాల్లో ఇంగ్లండు సంపన్నుల కొత్తజంటలు పెళ్ళి తర్వాత చేసే యాత్రలో పెళ్ళికి రాలేకపోయిన చుట్టాల ఇళ్ళకు పోయి కనపడి వచ్చేవారు. తరచూ అక్కచెల్లెళ్ళో స్నేహితులో వెంట ఉండేవారు. రైళ్ళూ హోటళ్ళూ పెరిగాక చుట్టాలు జారిపోయి దృశ్యాలు మిగిలాయి. అంటే అక్కడ కూడా ఏకాంతం పుట్టుకతో వచ్చిన ఆచారం కాదు.

శ్రీశైలంలోనూ దేవుడికి అత్తారింటి పోరు తప్పలేదు. ఉగాదికి కర్ణాటక నుంచి వేలమంది కాలినడకన వస్తారు. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, కైలాసద్వారం మీదుగా పాత అడవి బాట. వాళ్ళకు భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు. చీర, పసుపు కుంకుమ తెచ్చి పెడతారు. మల్లన్న అల్లుడు. ఎర్రటి ఎండలో కాళ్ళకు బొబ్బలెక్కినా కూతుర్ని చూసి పోవాలన్న పట్టుదల వాళ్ళది. పన్నెండు జ్యోతిర్లింగాల్లో ఒకటైన క్షేత్రంలో పరమేశ్వరుడు ఏటా అత్తగారి ఊరివాళ్ళకు మర్యాదలు చెయ్యాల్సిందే.

అలాగని దేవుళ్ళకు ఏకాంతం లేదని కాదు. తిరుమలలో రోజూ చివరి సేవ పేరే ఏకాంతసేవ. ఉయ్యాల మంచం, పాలు, పళ్ళు, అన్నమయ్య లాలి, తరిగొండ వెంగమాంబ పేర ముత్యాలహారతి, ఆ తర్వాత తలుపులు మూస్తారు. వెంగమాంబ చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుంది. స్వామే తన భర్త అని చెప్పి పసుపు కుంకుమలు తీయనని ఊరికి ఎదురు నిలిచింది. ఏకాంతం అనేది తనకు లేకుండా చేసిన సంఘంలో, ఆమె స్వామి పడకింటి చివరి హారతి హక్కు సంపాదించింది. అక్కడ తలుపు మూసేవాళ్ళకు తెలుసు, పొద్దున సుప్రభాతంతో మళ్ళీ తెరుస్తామని. తీసేవాళ్ళున్న తలుపు అది. వాళ్ళను మోయలేని బరువుగా చూడాలా, కాపుగా చూడాలా అన్నది కొత్తజంట తేల్చుకోవాల్సిన సంగతి, దాన్ని పెద్దవాళ్ళు తేల్చడం మొదలుపెడితే మళ్ళీ ఆ రెండు గదుల ఇల్లే.

ఇక నల్లమల చెంచుల పెళ్ళి. 1909లో వచ్చిన ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణభారత కులాల, తెగల గ్రంథంలో కర్నూలు కొండల చెంచుల గురించి ఒక చిన్న వర్ణన ఉంది. ఒకరినొకరు ఇష్టపడ్డ పిల్లా పిల్లడూ రాత్రివేళ ఎవరికీ చెప్పకుండా గూడెం విడిచి అడవిలోకి పోతారు. మర్నాడు తిరిగి వస్తారు. అప్పుడు రెండు వైపుల తల్లిదండ్రులూ చుట్టాలను పిలిచి, ఇద్దరికీ కొత్త బట్టలు పెట్టి, ఆలుమగలయ్యారని చాటుతారు. తంతు ఇంకాస్త ఘనంగా ఉండాలంటే నేలమీద ఒక చిన్న వలయం గీసి ఇద్దరినీ అందులో కూర్చోబెడతారు. వాళ్ళ నడుమ బాణం సంధించిన చిన్న విల్లును నాటుతారు. పెద్ద వచ్చి బియ్యం, నీళ్ళు తల మీద చల్లి దీవిస్తాడు.

హనీమూన్ ముందు, పెళ్ళి తర్వాత. ఇద్దరికీ అడవి ఇచ్చిన ఏకాంతాన్ని గూడెం అడ్డుకోదు, శిక్షించదు. కాకపోతే ఒక రాత్రితో ముగిస్తుంది. తిరిగి రావాలి, బట్ట కట్టుకోవాలి, వలయంలో కూర్చోవాలి. వాత్స్యాయనుడి పది రాత్రులూ, తోబియా మూడు రాత్రులూ, మోషే ధర్మశాస్త్రంలోని ఏడాదీ ఇచ్చిన సమాధానాల్లో ఇంత పొదుపైనది లేదు. పైగా ఇందులో అమ్మాయి ఇష్టం మొదటి మెట్టు. ఆపస్తంబుడి సూత్రంలో దానికి అంత చోటు లేదు.

ఆ విల్లు మాత్రం ఆలోచనలో పడేస్తుంది. వైదికుల పక్కల మధ్య గంధం పూసిన కర్ర, చెంచుల మధ్య ఎక్కుపెట్టిన విల్లు. ఒకరి నుంచి ఇంకొకరు నేర్చుకున్నారని చెప్పడానికి ఆధారం లేదు. కర్రను గంధర్వుడికి గుర్తుగా చెబుతారు. పెళ్ళికూతురికి కాపలా ఉన్న ఆ గంధర్వుడు విశ్వావసువు, అతనికి నమస్కారం చెప్పి పంపించాక గానీ భర్తకు దారి లేదు. విల్లుకు అలాంటి పురాణం అక్కర్లేదు. చెంచుకు విల్లు తిండి, రక్షణ, పరువు, దేవుడు. ఇద్దరి నడుమ దాన్ని నాటడమంటే, మీ ఇద్దరికీ రేపు పొద్దున కూడు ఎక్కడి నుంచి వస్తుందో చూపించడం. కర్రను నాలుగో రాత్రి తీసి కడిగి పక్కన పెట్టేస్తారు. విల్లును మర్నాడే భుజాన వేసుకుని పనికి పోవాలి.

బైర్లూటిలో ఇప్పుడు అటవీశాఖ జంగిల్ క్యాంప్ ఉంది. పులుల అభయారణ్యం నడుమ గుడారాలు, కాటేజీలు, జీపు సఫారీ. సముద్రం దాటే స్తోమత లేని కొత్తజంటలకు దగ్గరి దీవి అది. దారి చూపేవాళ్ళలో, జీపులో పక్కన కూర్చుని దుప్పిని, నెమలిని చూపించేవాళ్ళలో ఆ పక్క గూడేల చెంచులున్నారు. మాల్దీవుల్లో కనిపించకుండా ఉండడం పనివాడి ఉద్యోగమైతే, ఇక్కడ చెంచు కనిపించి దారి చూపకపోతే అడవిలో అడుగు పడదు. వచ్చిన జంటలకు తమ పెళ్ళి తీరు గురించి చెప్పమని అతన్ని ఎవరైనా అడుగుతారో లేదో గానీ, చెప్పడానికి అతని దగ్గర ఉన్న సంగతి మామూలుది కాదు. తన ఇంటి అల్లుడు నరసింహస్వామి పెళ్ళి పిలుపులకు ఊళ్ళమ్మట తిరుగుతున్న ఆ నలభై రోజుల్లో అడిగితే, పార్వేట పల్లకి ఆ పూట ఏ ఊరి తెలుపు మీద ఉందో కూడా చెప్పి, పోయి చూసి రమ్మంటాడు.